ట్యాప్ నంబరు కాదు, ముల్లు చూడండి: 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో వోల్టేజీ సరిచేయడం ఎలా

తెల్లవారుజామున వ్యవసాయ ఫీడర్లకు త్రీఫేజ్ ఇస్తారు. పది నిమిషాలు గడవకముందే 11 కేవీ వోల్ట్‌మీటర్ ముల్లు 11.2 దగ్గర నుంచి జారి 10.1 మీద నిలబడుతుంది. వెంటనే ఫోను. "సార్, మోటారు గుర్రుమంటోంది గానీ తిరగట్లేదు. కొంచెం వోల్టేజీ చూడండి." కొత్తగా షిఫ్ట్‌కి వచ్చిన ఆపరేటర్ చెయ్యి తిన్నగా ప్యానెల్ మీది రెయిజ్ బటన్ మీదకి పోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి వోల్టేజీ పెంచే బటన్ అది. నొక్కడం తప్పేమీ కాదు, అది ఉన్నదే అందుకు. కాకపోతే నొక్కే ముందు రెండు నిమిషాలు చూసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. నొక్కాక మర్చిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. కొత్త ఆపరేటర్లకు, ఫ్యాక్టరీలో ట్రాన్స్‌ఫార్మర్ చూసుకునే ఎలక్ట్రీషియన్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఉదాహరణకు మన సబ్‌స్టేషన్లలో మామూలుగా కనిపించే 5 ఎంవీఏ, 33/11 కేవీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకుందాం. దాన్ని మనం పీటీఆర్ అనే అంటాం కాబట్టి ఇక్కడా అదే అంటాను.

ముందు నేమ్ ప్లేటు చదవండి

షిఫ్ట్‌లో ఖాళీ దొరికినప్పుడు పీటీఆర్ దగ్గరికెళ్లి నేమ్ ప్లేటు ఫోటో తీసుకోండి. అందులో ట్యాప్ నంబర్లు, ఒక్కో ట్యాప్‌కి 33 కేవీ వైపు ఎన్ని వోల్టులో చూపే పట్టిక ఉంటుంది. చాలా పీటీఆర్‌లకు 17 ట్యాప్‌లు. ఒకటో ట్యాప్ 34,650 వోల్టులు, ఐదోది 33,000, పదిహేడోది 28,050. అంటే పైకి 5 శాతం, కిందికి 15 శాతం, ఒక్కో మెట్టు 1.25 శాతం, వోల్టుల్లో 412.5.

ఈ పట్టికకు అర్థం సులువే. 33 కేవీ వైండింగ్‌లో ఎన్ని చుట్లు వాడుకోవాలో ట్యాప్ నిర్ణయిస్తుంది. 11 కేవీ వైపు చుట్లు ఎప్పుడూ అన్నే. పైవైపు చుట్లు తగ్గించారంటే ఒక్కో చుట్టుకి వచ్చే వోల్టులు పెరుగుతాయి, దాంతో 11 కేవీ వైపు వోల్టేజీ పెరుగుతుంది. ఐదు నుంచి పన్నెండుకి వెళ్తే చుట్లు తగ్గాయి, బస్ (11 కేవీ ఫీడర్లన్నీ బయల్దేరే కడ్డీ) వోల్టేజీ పెరిగింది. ట్యాప్‌ను 33 కేవీ వైపే ఎందుకు పెట్టారంటే అక్కడ కరెంటు తక్కువ. 5 ఎంవీఏకి 11 కేవీ వైపు 262 ఆంపియర్లు పారితే 33 కేవీ వైపు 87 మాత్రమే. కాంటాక్టులు తెగ్గొట్టాల్సిన కరెంటు ఎంత తక్కువైతే అంత మంచిది. చుట్లు కూడా అటే ఎక్కువ కాబట్టి చిన్న చిన్న మెట్లుగా పంచుకోవచ్చు.

ఫోన్లో ఎవరైనా "ట్యాప్ రెండు పెంచు" అంటే ఒక్క క్షణం ఆగండి. నంబరు పెంచమన్నారా, వోల్టేజీ పెంచమన్నారా? పైన చెప్పిన ప్లేటు మీద రెండూ ఒకటే. అన్ని ప్లేట్లూ అలా ఉండవు. నంబరు పెరిగితే వోల్టేజీ తగ్గేలా రాసినవీ ఉంటాయి. అందుకే నేను ఎప్పుడూ "వోల్టేజీ రెండు మెట్లు పెంచు" అనే చెబుతాను.

బటన్ నొక్కాక లోపల జరిగేది

లోడు మీద ఉండగానే చుట్లు మార్చాలి, కరెంటు మాత్రం ఒక్క క్షణం కూడా తెగకూడదు. పాత ట్యాప్ వదిలేసి కొత్తది పట్టుకుందామంటే మధ్యలో సర్క్యూట్ తెగి పెద్ద ఆర్క్ లేస్తుంది. వదలకుండానే కొత్తది పట్టుకుందామంటే రెండు ట్యాప్‌ల మధ్య ఉన్న చుట్లు షార్ట్ అయిపోతాయి. దీనికి మందు రెసిస్టర్లు. 1920లలో జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ యాన్సెన్ ఈ పద్ధతికి రూపమిచ్చాడు. అమెరికాలో రెసిస్టర్ బదులు రియాక్టర్ (తీగచుట్ట) పెట్టే పద్ధతి ఎక్కువ. మన దగ్గర దాదాపు అన్నీ రెసిస్టర్ రకమే.

మెయిన్ కాంటాక్టుకి అటూ ఇటూ రెసిస్టర్‌తో కూడిన చిన్న కాంటాక్టులు ఉంటాయి. మార్పు మొదలవగానే మెయిన్ కాంటాక్టు పాత ట్యాప్‌ను వదులుతుంది. అప్పుడు కరెంటు ఒక రెసిస్టర్ గుండా అదే ట్యాప్ నుంచి పారుతుంది. తర్వాత రెండో రెసిస్టర్ కాంటాక్టు కొత్త ట్యాప్‌ను తాకుతుంది. ఆ క్షణాన స్విచ్ రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే ఉంటుంది. రెండు ట్యాప్‌లూ కలిసిపోయినా మధ్యలో రెసిస్టర్లు ఉండటంతో తిరిగే కరెంటు అదుపులో ఉంటుంది. ఆపైన మొదటి కాలు తీసేస్తుంది, చివరికి మెయిన్ కాంటాక్టు కొత్త ట్యాప్ మీద కూర్చుంటుంది. ఇదంతా సెకనులో ఇరవయ్యో వంతులో, సుమారు 50 మిల్లీసెకన్లలో అయిపోతుంది.

మరి మనకు ట్యాప్ మార్చే మోటారు కొన్ని సెకన్లు తిరిగిన శబ్దం ఎందుకు వినిపిస్తుంది? ఆ సెకన్లలో మోటారు చేసే పని స్ప్రింగును బిగించడం. స్ప్రింగు నిండాక ఒక్కసారిగా విడిపోయి స్విచ్‌ను అటు విసురుతుంది. ట్యాంకు పక్కన నిలబడితే "టక్" మన్న దెబ్బ వినబడేది అప్పుడే. ఆ రెసిస్టర్లు ఆ కాస్తసేపు కరెంటు మోయడానికే తయారైనవి. స్విచ్ మధ్యలో ఇరుక్కుందంటే అవి కాలిపోతాయి. స్ప్రింగు పెట్టింది అందుకే. ఒకసారి విడిపోయిందంటే మోటారు సప్లై పోయినా పని పూర్తయ్యే ఆగుతుంది. మోటారు తిరిగినా టక్ వినబడకపోతే మళ్లీ బటన్ నొక్కకండి, ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్‌కి) ఫోన్ చేయండి.

నొక్కే ముందు ఈ నాలుగూ చూడండి

మొదట 33 కేవీ వోల్టేజీ. పైనుంచే 29 వస్తుంటే ట్యాప్ ఎంత పెంచినా మీ దగ్గర అద్భుతం జరగదు. ట్యాప్ ఉన్న పవర్‌ను పంచే తీరు మారుస్తుందే గానీ కొత్తగా పవర్ పుట్టించదు. మీరు పెంచారు, మీ పక్క సబ్‌స్టేషన్ వాడూ పెంచాడు అనుకోండి. అందరి కరెంటూ పెరిగి 33 కేవీ లైన్ మరింత కుంగుతుంది. అలాంటప్పుడు పై సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పడమే సరైన పని.

రెండోది కెపాసిటర్ బ్యాంక్. సబ్‌స్టేషన్‌లో 11 కేవీ కెపాసిటర్ బ్యాంక్ ఉండి, అది ఆఫ్‌లో ఉంటే ట్యాప్ కంటే ముందు దాన్ని పెట్టండి. వ్యవసాయ మోటార్లు లాగే రియాక్టివ్ కరెంటును (మోటారులో అయస్కాంత క్షేత్రం నిలపడానికే పోయేదాన్ని) అది ఇక్కడే తీర్చేస్తుంది. పీటీఆర్‌లో వోల్టేజీ పడిపోవడం కూడా తగ్గుతుంది. చాలాసార్లు బ్యాంక్ పెట్టాక రెండు మెట్లు ట్యాప్ ఎక్కాల్సిన పని తప్పుతుంది.

మూడోది మూడు ఫేజుల వోల్టేజీ. ఫేజులు ఆర్, వై, బీ. వోల్ట్‌మీటర్ సెలెక్టర్‌ను ఆర్‌వై, వైబీ, బీఆర్ మూడు జతల మీదా తిప్పి చూడండి. ఒకటి మాత్రమే తక్కువ చూపిస్తుంటే ట్యాప్ జోలికి పోవద్దు. దీనికి నా దగ్గర ఒక చేదు అనుభవం ఉంది. ఒకప్పుడు నేను పనిచేసిన చోట ట్యాప్ ఆటోలో ఉంది. పీటీ (బస్ వోల్టేజీని మీటర్లకు, రిలేలకు తగ్గించి ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) ఫ్యూజు హోల్డర్ లూజై, ఆర్‌వై మధ్య వోల్టేజీ ఉన్నదానికంటే తక్కువగా కనిపించడం మొదలైంది. ఆటోలో ట్యాప్‌ను నడిపే రిలే చూసేది ఆ జతనే. అది నిమిషానికో మెట్టు చొప్పున పెంచుకుంటూ పోయింది. ప్యానెల్ ముల్లూ ఆర్‌వై మీదే ఉంది కాబట్టి నాకు అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. ఊళ్లో బల్బులు పోతున్నాయని ఫోన్ వచ్చాక సెలెక్టర్ తిప్పితే వైబీ దగ్గర ముల్లు 11.9 మీద ఉంది. ఫ్యూజును గట్టిగా బిగించడానికి అర నిమిషం పట్టలేదు. ఆ రోజు పోయిన టీవీల లెక్క నాకు చాలా రోజులు వినిపించింది.

నాలుగోది ఫీడర్. ఫోన్లన్నీ ఒకే ఫీడర్ నుంచి, అదీ చివరి ఊళ్ల నుంచే వస్తుంటే, మీ బస్ 11 దగ్గర బాగానే ఉంటే, లోపం ఆ లైన్‌లో ఉంది. పొడవైన లైను, సన్నటి కండక్టర్, లూజు జంపర్, ఓవర్‌లోడైన డీటీఆర్ (11 కేవీని ఇళ్ల వోల్టేజీకి దించే ట్రాన్స్‌ఫార్మర్), వీటిలో ఏదైనా కావచ్చు. వాళ్ల కోసం బస్ పెంచితే సబ్‌స్టేషన్ పక్కనే ఉన్న ఊరికి వోల్టేజీ ఎక్కువైపోతుంది.

ఇక పెంచడం

ఎంత పెంచాలో నొక్కుతూ తెలుసుకోవడం కంటే ముందే లెక్కేసుకుంటే మేలు. ఒక్క మెట్టుకి 11 కేవీ బస్ మీద దాదాపు 0.14 కేవీ మారుతుంది. ఉదాహరణకు 33 కేవీ వైపు 31.5 వస్తోంది, ట్యాప్ ఐదులో ఉంది. లోడు లేకపోతే బస్ 10.5 ఉండాలి. పూర్తి లోడు మీద పీటీఆర్ లోపలే సుమారు 4 శాతం పడిపోతుంది. అంటే ముల్లు 10.1 దగ్గర ఉంటుంది. పాత ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ నుంచి అందరూ గుర్తుపెట్టుకునే లెక్క ప్రకారం 11 కేవీకి పైన 6 శాతం, కింద 9 శాతం హద్దు. కింది హద్దు 10.01. మీరు అంచు మీద ఉన్నారన్నమాట. 11 దగ్గరికి రావాలంటే 0.9 కావాలి, అంటే ఆరేడు మెట్లు. పన్నెండో ట్యాప్‌లో బస్ 11.05 వస్తుంది.

ఏడు మెట్లు కావాలి కదా అని బటన్ నొక్కి పట్టుకోకండి. ఇలా చేయండి: ప్యానెల్ స్విచ్ ఆటోలో ఉంటే మాన్యువల్‌కి తిప్పండి. రెయిజ్ ఒకసారి నొక్కి వదలండి. ట్యాప్ చేంజ్ ఇన్ ప్రోగ్రెస్ దీపం వెలిగి ఆరేదాకా ఆగండి. ట్యాప్ నంబరు ఒకటి మారిందా, ముల్లు 0.14 దాకా కదిలిందా, రెండూ చూడండి. నంబరు మారి ముల్లు కదలకపోతే మెకానిజంలో ఏదో తెగి ఉంటుంది, అక్కడితో ఆపేయండి. రెండూ సరిపోతే ఒక నిమిషం ఆగి తర్వాతి మెట్టు ఎక్కండి. వోల్టేజీ పెరగ్గానే నిలిచిపోయిన మోటార్లు కొన్ని లేస్తాయి, లోడు మారుతుంది. అది సర్దుకున్నాకే అసలు రీడింగు తెలుస్తుంది.

ట్యాప్ మార్చే మోటారుకి సప్లై లేకపోతే, ఆ మోటారు ఉండే డ్రైవ్ బాక్సులో చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది. హ్యాండిల్ పెట్టగానే మోటారు సప్లై తెగిపోయే ఇంటర్‌లాక్ ఉంటుంది. ఉందిలే అనుకుని వదిలేయకుండా ఎంసీబీ కూడా దించండి. ఒక మెట్టుకి ఎన్ని చుట్లు తిప్పాలో బాక్సు తలుపు లోపలి వైపు రాసి ఉంటుంది. లెక్కపెట్టుకుంటూ పూర్తిగా తిప్పండి, మధ్యలో ఆపకండి.

ఇక బటన్ వదిలినా మోటారు ఆగకుండా ట్యాప్‌ల మీద ట్యాప్‌లు ఎక్కుతుంటే కాంటాక్టర్ అతుక్కుపోయిందని అర్థం. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కండి. అదీ లేకపోతే డ్రైవ్ ఎంసీబీ దించండి. ఆ స్విచ్ ఎక్కడుందో షిఫ్ట్ మొదటి రోజే చూసి పెట్టుకోండి. ట్యాప్ పరిగెడుతున్నప్పుడు వెతుక్కుంటూ కూర్చోలేరు.

దించడం

మర్చిపోకూడదన్న సంగతి ఇదే. పొద్దున పెంచిన ట్యాప్ మీ దగ్గర అప్పు తీసుకున్నట్టే. రాత్రి తీర్చాలి.

వ్యవసాయ లోడు పోయింది, ఊళ్లు నిద్రపోయాయి, పైనుంచి 33 కేవీ కూడా తేరుకుని 33.5 అయింది. ట్యాప్ మాత్రం ఇంకా పన్నెండులోనే ఉంది. బస్ మీద 12.2 కేవీ! పై హద్దు 11.66. ఆ 12.2ను డీటీఆర్ గుండా ఇంటిదాకా తీసుకెళ్తే ఫేజుకి 278 వోల్టులు తేలతాయి. ఫ్యాన్లు హోరెత్తుతాయి, ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఫ్రిజ్ బోర్డులు పోతాయి. అదే ఐదో ట్యాప్‌లో ఉంటే బస్ 11.17 దగ్గర హాయిగా ఉండేది. లో వోల్టేజీకి ఫోన్ చేసేవాళ్లు ఉంటారు. అర్ధరాత్రి హై వోల్టేజీకి ఎవరూ చేయరు, తెల్లారాక రిపేరు షాపుకి పోతారంతే.

అందుకే వ్యవసాయ ఫీడర్ ఆఫ్ చేసే టైముకి పది నిమిషాల ముందే ఒకటి రెండు మెట్లు దించి ఉంచండి. ఫీడర్ పోయాక మిగతావి దించండి. కెపాసిటర్ బ్యాంక్ కూడా అప్పుడే తీసేయండి. లోడు లేని వేళ అది వోల్టేజీని ఇంకా ఎగదోస్తుంది.

ఆటోలో పెట్టాలంటే

రిలేకి చెప్పాల్సినవి మూడు. ఎంత వోల్టేజీ ఉంచాలి, ఎంత తేడా వరకు ఓర్చుకోవాలి, ఎంతసేపు ఆగి కదలాలి. పీటీ 11,000/110 కాబట్టి రిలేకి ఒక వోల్టు అంటే బస్ మీద వంద వోల్టులు. 110 పెట్టి, అటూ ఇటూ 1.5 శాతం ఓర్పు ఇస్తే 10.83 నుంచి 11.17 దాకా అది కదలదు. ఈ ఓర్పును బాగా బిగించి అటూ ఇటూ అర శాతం పెట్టారనుకోండి, ఒక మెట్టు 1.25 శాతం కాబట్టి ఎక్కితే ఎక్కువవుతుంది, దిగితే తక్కువవుతుంది. రోజంతా ఎక్కుతూ దిగుతూ కాంటాక్టులు అరగదీస్తుంది. ట్యాప్ ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టే కౌంటర్ రోజుకి వందలు తిరుగుతుంటే ముందు చూడాల్సింది ఈ సెట్టింగునే.

టైము విషయంలో ఒక మర్యాద ఉంది. పై 132/33 సబ్‌స్టేషన్ ట్యాప్ ముందు కదలాలి, మనది తర్వాత. అందుకే మన రిలేలో ఆలస్యం వాళ్లకంటే ఎక్కువ పెట్టాలి. లేకపోతే ఇద్దరం ఒకేసారి పెంచి, ఇద్దరం ఒకేసారి దించుతాం. అండర్ వోల్టేజీ బ్లాక్ పనిచేస్తోందో లేదో కూడా పరీక్షించి ఉంచండి. పీటీ ఫ్యూజు పూర్తిగా పోయినప్పుడు రిలేను ఆపేది అదే. నా అనుభవంలోలా సగం కాంటాక్టు ఉన్నప్పుడు మాత్రం అదీ కాపాడదు. గంటకోసారి సెలెక్టర్ తిప్పే మీ చెయ్యే దిక్కు.

రెండు పీటీఆర్‌లు ప్యారలల్‌లో ఉంటే రెండిటి ట్యాప్‌లూ ఒకే వోల్టేజీ మీద ఉండాలి. రెండూ ఒకే రకమైతే అదే నంబరు. ఒక్క మెట్టు తేడా ఉన్నా, 7.15 శాతం ఇంపీడెన్స్ ఉన్న రెండు 5 ఎంవీఏల మధ్య దాదాపు 23 ఆంపియర్లు ఎవరికీ పనికిరాకుండా తిరుగుతుంటాయి. మూడు మెట్లైతే దాదాపు 70. మాన్యువల్‌లో ఒకదాన్ని ఒక మెట్టు, వెంటనే రెండోదాన్ని ఒక మెట్టు, ఇలా జతగా నడపండి. మాస్టర్ ఫాలోవర్ (ఒకటి కదిలితే రెండోది దానంతటదే కదిలే ఏర్పాటు) ఉంటే సరే, అయినా రెండు నంబర్లూ కళ్లతో చూడండి.

లోడు మీద మార్చకూడని ట్యాప్‌లు

ఫ్యాక్టరీల్లో, అపార్ట్‌మెంట్లలో ఉండే 11 కేవీ/433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్లకు ట్యాంకు మీద చిన్న హ్యాండిల్, ఐదు నంబర్లు ఉంటాయి. మూడోది 11,000, అటూ ఇటూ 2.5 శాతం మెట్లు. ఊళ్లలోని చిన్న డీటీఆర్‌లకు సాధారణంగా అదీ ఉండదు. ఈ హ్యాండిల్ వెనక స్ప్రింగు లేదు, రెసిస్టర్ లేదు. చాలామంది దీన్ని ఆఫ్ లోడ్ ట్యాప్ అంటారు. ఆ పేరే ప్రమాదం. లోడు తీసేస్తే చాలనుకుని ఎల్‌టీ (433 వోల్టుల వైపు) బ్రేకర్ దించి హ్యాండిల్ తిప్పినవాళ్లున్నారు. లోడు లేకపోయినా 11 కేవీ వైండింగ్ మీద వోల్టేజీ ఉంటుంది, మ్యాగ్నటైజింగ్ కరెంటు ఉంటుంది. ఆయిల్‌లో ఆర్క్ లేవడానికి అది చాలు.

కాబట్టి లైన్ క్లియర్ (సప్లై తీశాం, పని చేసుకోవచ్చు అనే అనుమతి) లేకుండా ముట్టుకోవద్దు. ఎల్‌టీ వైపు ఓపెన్ చేసి, జనరేటర్ వైపు నుంచి వెనక్కి రాకుండా లాక్ చేయాలి. 11 కేవీ వైపు ఏబీ స్విచ్ (లైన్‌ను విడదీసే స్విచ్) తెరిచి మూడు బ్లేడ్లూ విడిపడ్డాయో లేదో కంటితో చూడాలి. డిశ్చార్జ్ రాడ్‌తో రెండు వైపులా ఎర్త్ చేయాలి. అప్పుడు లాక్ తీసి, హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు మూడుసార్లు తిప్పండి. ఏళ్ల తరబడి కదలని కాంటాక్టుల మీది పొర పోతుంది. కావాల్సిన నంబరులో పెట్టి, పిన్ను గాడిలో కూర్చుందని చేత్తో కదిపి చూసి లాక్ వేయండి. ఎర్తింగ్ తీసి, మూడు ఫేజుల వైండింగ్ రెసిస్టెన్స్ ఒకేలా వస్తోందా చూశాకే ఛార్జ్ చేయండి. సగంలో నిలిచిన ట్యాప్ గంటల్లో ట్రాన్స్‌ఫార్మర్‌ను తినేస్తుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తోనో, ఇంట్లో వైరింగ్ చేసే కుర్రాడితోనో చేయించే పని కాదిది.

ఓవర్‌హాల్ అయ్యాక, రోజూ లాగ్‌లో

ఓఎల్‌టీసీ (లోడు మీదే ట్యాప్ మార్చే పరికరం) ఆయిల్ వేరు, మెయిన్ ట్యాంకు ఆయిల్ వేరు. ట్యాప్ మారిన ప్రతిసారీ చిన్న ఆర్క్ లేచి ఆ ఆయిల్‌ను నల్లబరుస్తుంది, అది మామూలే. మెయిన్ ట్యాంకు ఆయిల్ గ్యాస్ పరీక్షలో ఎసిటిలీన్ కనిపిస్తే వైండింగ్ పోయిందని వెంటనే కంగారుపడకుండా, ట్యాప్ గది నుంచి ఆయిల్ లీకవుతోందేమో కూడా చూడమనండి. ఓఎల్‌టీసీ సర్జ్ రిలే (ట్యాప్ గదిలో ఆయిల్ ఒక్కసారిగా ఎగదన్నితే పనిచేసేది) ట్రిప్ అయితే మాత్రం లోపల చూడకుండా మళ్లీ ఛార్జ్ చేసే ధైర్యం ఎవరు చెప్పినా చేయకండి.

ఓవర్‌హాల్ చేసినవాళ్లు వెళ్లేముందు ఒక పరీక్ష చేయించండి. 33 కేవీ వైపు 415 వోల్టుల త్రీఫేజ్ ఇచ్చి, ఒకటి నుంచి పదిహేడు దాకా 11 కేవీ వైపు మల్టీమీటర్‌తో కొలవడమే. ఒకటిలో 131.7, ఐదులో 138.3, పదిహేడులో 162.7 దగ్గర రావాలి, మధ్యవి వరసగా పెరుగుతూ పోవాలి. ముల్లు మీటరు పెడితే ఇంకా మంచిది. మారుతున్నప్పుడు ముల్లు ఒక్కసారి సున్నా వైపు పడి లేచిందంటే ఆ ట్యాప్ దగ్గర కరెంటు తెగుతోందన్నమాట.

షిఫ్ట్ అప్పజెప్పేటప్పుడు లాగ్‌లో ట్యాప్ నంబరు ఒక్కటే రాయకండి. నా పాత లాగ్‌లో వరసలు ఇలా ఉండేవి: "ఉ. 5.40, ట్యాప్ 5 నుంచి 11, 33 కేవీ 31.5, బస్ 10.1 నుంచి 10.9, మూడు ఫేజులూ చూశాను, డ్రైవ్ బాక్సు నంబరూ ప్యానెల్ నంబరూ ఒకటే, కౌంటర్ రాశాను, రాత్రి 10కి దించాలి."